వరిగడ్డి, చొప్ప, పొట్టు పశువు ఒంటికి పట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక గడ్డివాము ఉంటే ఏడాదంతా బెంగ లేదని మా పెద్దవాళ్ల లెక్క. వాము పశువు కడుపు నింపే మాట నిజమే. పాలచెంబు మాత్రం నింపదు. మా కొట్టంలో ఇప్పుడు నాలుగు గేదెలున్నాయి. పచ్చిమేత అయిపోయే మాఘ, ఫాల్గుణ మాసాల నుంచి తొలకరి దాకా చుట్టాలు, ఊళ్లోవాళ్లు అడిగే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబుల్లో కొన్ని పశువైద్యుల దగ్గర నేర్చుకున్నవి, కొన్ని చేతులు కాల్చుకుని తెలుసుకున్నవి.

వరిగడ్డిలో అసలు బలం ఉందా? కడుపు నిండటానికే వేస్తున్నామా?

బలం ఉంది, బిగించి ఉంది. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. పశువుకు అరిగి ఒంటికి పట్టేది మొత్తంమీద 40–45 శాతం. మిగతాది పేడలో పోతుంది. గడ్డిలో పీచుకు కొదవ లేదు. ఆ పీచును కరిగించే సూక్ష్మజీవులు పశువు పెద్ద పొట్టలోనే కోట్లకొద్దీ ఉంటాయి. అయినా అవి పని చేయలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పీచు చుట్టూ లిగ్నిన్ గట్టి పూతలా అల్లుకుని ఉంటుంది, దానికి తోడు వరిలో ఇసుక పదార్థమైన సిలికా ఎక్కువ. రెండోది, ఆ జీవులు బతికి పెరగాలంటే నత్రజని కావాలి, అది గడ్డిలో లేదు. కూలీలకు కూడు పెట్టకుండా కోతకు పంపినట్టన్నమాట.

ఇంకో చిత్రం కూడా ఉంది. జొన్న, మొక్కజొన్నల్లో ఆకు మేలు, కాండం నాసి. వరిలో తిరగబడుతుంది: సిలికా ఆకులోనే ఎక్కువ కాబట్టి ఆకుకంటే కాండమే బాగా అరుగుతుంది. కోత మిషను మోకాలెత్తున కోసి వదిలేసే మొదళ్లలో మంచి మేత కొంత పొలంలోనే మిగిలిపోతోంది. ఆ తర్వాత దానికే నిప్పు పెడుతున్నాం.

గడ్డికి యూరియా కలిపి మాగబెట్టే సంగతి తర్వాత. ఖర్చు లేకుండా ముందు ఏం చేయొచ్చు?

గడ్డిని ముక్కలు చేయండి. చాఫ్ కట్టర్ మీద 2–3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి గాడిలో వేస్తే పశువు ఏరుకోలేదు, లాగి కాళ్ల కింద తొక్కలేదు. జొన్న చొప్పకు ఇది మరీ అవసరం. నిలువుగా వేసిన చొప్పలో పశువు ఆకు తినేసి దంట్లు వదిలేస్తుంది, మరునాడు ఆ దంట్లను పెంటకుప్పలోకి మోస్తాం. ముక్కలు చేస్తే అదే చొప్ప మరిన్ని రోజులు వస్తుంది. అయితే ముక్క చేసినంత మాత్రాన గడ్డి అరుగుదల పెరగదు. వృథా తగ్గుతుంది, తినేది కాస్త పెరుగుతుంది. అలాగని పిండిలా నలగ్గొట్టకండి, నెమరు తగ్గి వెన్నశాతం పడిపోతుంది.

మేపే ముందు నీళ్లు చిలకరించడం, కాసేపు నానబెట్టడం పాత అలవాటే. దుమ్ము అణిగి, గడ్డి మెత్తబడి పశువు ఇష్టంగా తింటుంది. ఎండుగడ్డి మీద కుడితి చల్లి పెట్టే మా అమ్మమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు, ఫలితం తెలుసు.

యూరియా కలిపితే గడ్డిలో ఏం మారుతుంది?

యూరియా చల్లిన తడిగడ్డిని గాలి చొరకుండా మూస్తే, గడ్డి మీద ఉండే సూక్ష్మజీవులు యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియా రెండు పనులు చేస్తుంది. లిగ్నిన్‌కూ పీచుకూ మధ్య ముడులను వదులు చేస్తుంది, గడ్డి ఉబ్బి మెత్తబడుతుంది. కొంత గడ్డిలోనే ఉండిపోయి పొట్టలోని జీవులకు నత్రజని అందిస్తుంది. మాంసకృత్తుల లెక్క 3–4 నుంచి 7–8 శాతానికి చేరుతుంది. అరుగుదల కూడా పెరుగుతుంది, పశువు తినే గడ్డి కూడా పెరుగుతుంది. ఈ రెండోదే అసలు లాభమని నా అభిప్రాయం.

లెక్క ఇష్టమున్నవారికి: యూరియాలో నత్రజని 46 శాతం. 4 కిలోల్లో 1.84 కిలోలు. నత్రజనిని మాంసకృత్తుల లెక్కలోకి మార్చే 6.25తో దాన్ని హెచ్చిస్తే 11.5 కిలోల మాంసకృత్తులకు సమానం. అంతా నిలిస్తే క్వింటాలు గడ్డిలో 14–15 శాతం కనబడాలి. కనబడేది 7–8. అంటే మనం వేసినదాంట్లో సగానికి పైగా కుప్ప తెరిచినప్పుడు కళ్లు మండిస్తూ గాలిలో కలిసిపోతోంది. కాబట్టి కప్పడం దగ్గర పిసినారితనం వద్దు.

ఎలా చేయాలి? కొలతలతో చెప్పండి.

ఎండుగడ్డి 100 కిలోలు, యూరియా 4 కిలోలు, నీళ్లు 50–60 లీటర్లు. ఈ మూడూ తూచి, కొలిచి తీసుకోండి. గుప్పిళ్ల లెక్క పనికిరాదు.

వాన నీరు నిలవని గట్టి మెరక చోటు చూడండి. కింద టార్పాలిన్ గానీ, పాత యూరియా సంచులు కుట్టిన పట్టా గానీ పరవండి. డ్రమ్ములో యూరియా పూర్తిగా కరిగేదాకా కలపండి. అడుగున ఒక్క గుళిక కూడా మిగలకూడదు. గడ్డిని జానెడు మందాన పరిచి, దాని వంతు నీళ్లను మొక్కలకు పోసే రోజా డబ్బాతో సమంగా చల్లి, తిరగేసి, కాళ్లతో బాగా తొక్కండి. దానిమీద ఇంకో వరస. తొక్కుడు గట్టిగా ఉండాలి. లోపల గాలి మిగిలితే బూజు తప్పదు. ఇద్దరు మనుషులుంటే 3 క్వింటాళ్లు పూటలో అయిపోతుంది. ముక్కలు చేసిన గడ్డయితే ఇంకా తేలిక, బాగా సర్దుకుంటుంది.

పైన మందపాటి పాలిథిన్ కప్పి, అంచులను చుట్టూ మట్టితో పూడ్చి, పైన బరువు పెట్టండి. కోళ్లు, కుక్కలు ఎక్కి చిల్లులు పెట్టకుండా కంప వేయండి. కుప్ప 21 రోజులు మాగాలి, కాబట్టి తేదీ గోడ మీద సుద్దముక్కతో రాయండి. గుర్తుంటుందనుకుంటాం, ఉండదు.

మొదటిసారి నేను ఈ పని సాయంత్రం మొదలుపెట్టి చీకటి పడుతుంటే తొందరలో ముగించాను. ఒక పక్క పట్టా మడతపడి గాలి ఆడింది. మూడు వారాలకు తెరిస్తే ఆ మూల అరక్వింటాలు తెల్లగా బూజు పట్టి ఉంది. పెంటలో పోశాను.

నీళ్లు అంతే ఎందుకు? తగ్గిస్తే?

తక్కువైతే యూరియా విరగదు, గడ్డి మీద తెల్లగా అంటుకుని ఉండిపోతుంది. అది ప్రమాదం. ఎక్కువైతే అడుక్కి కారి, అడుగు గడ్డి నల్లగా కుళ్లుతుంది, యూరియా అంతా అక్కడే పోగవుతుంది. గడ్డిని పిడికిట్లో బిగిస్తే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. గడ్డి ముందే మంచుకు గానీ వానకు గానీ తడిసి ఉంటే నీళ్లు తగ్గించండి, యూరియా మాత్రం అంతే.

21 రోజులు ఆగాలా? వారానికే తీస్తే?

ఆగాలి. మన వేసవి వేడికి పని త్వరగా జరిగే మాట నిజమే. అయినా విరగని యూరియా మిగిలి ఉంటే పశువు మీద ప్రయోగం చేసినట్టవుతుంది. చలికాలంలో ఇంకో వారం కలపండి.

బాగా తయారైందని ఎలా తెలుస్తుంది?

ముదురు పసుపు, గోధుమ రంగు మధ్యన ఉంటుంది. ముక్కు అదిరే ఘాటు వాసన రావాలి. పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ఘాటు లేకుండా పుల్లటి, మురుగు వాసన వస్తే ఎక్కడో తప్పు జరిగింది.

మా గేదె మూతి కూడా పెట్టడం లేదు. ఏం చేయాలి?

కుప్ప నుంచి తీసిన వెంటనే పెట్టి ఉంటారు. పూటకు సరిపడా గడ్డి ఒక పక్క నుంచి తీసి, మళ్లీ కప్పేసి, తీసినదాన్ని నీడన గాలికి గంటసేపు పలచగా ఆరబెట్టండి. కళ్లు మండించే ఘాటు పోయాక గాడిలో వేయండి. మొదటి రెండు రోజులు పావు వంతు ఇదీ, మిగతాది మామూలు గడ్డీ కలపండి. తర్వాత సగం. వారం పది రోజుల్లో పూర్తిగా మార్చొచ్చు. పైన గుప్పెడు తవుడు చల్లితే మూతి పెడుతుంది. అలవాటయ్యాక మామూలు గడ్డి వేస్తే మన వంక చూసి మొహం తిప్పుకుంటుంది, ఆ కోపానికి కూడా సిద్ధంగా ఉండండి.

యూరియా విషం కదా! గేదె చస్తే ఎవరు దిక్కు?

ఈ భయం సబబే. యూరియా ఒక్కసారిగా పొట్టలోకి పోతే విషమే. అలవాటు లేని పశువుకు కిలో బరువుకు 0.3–0.5 గ్రాముల లెక్కన ఒకేసారి పడితే ప్రాణం మీదికొస్తుంది. 300 కిలోల గేదెకు ఇది 90 నుంచి 150 గ్రాములు, అంటే రెండు మూడు గుప్పిళ్లు. ప్రమాదాలు చాలావరకు మాగిన గడ్డి వల్ల జరగవు. యూరియా బస్తా కొట్టంలో పెట్టి మరిచిపోతే, కలిపిన డ్రమ్ము నీళ్లు పశువు తాగితే, పొలంలో చల్లాక మిగిలిన సంచిని నాకితే జరుగుతాయి. కాబట్టి మిగిలిన యూరియా నీళ్లు పారబోసి డ్రమ్ము బోర్లించడం కూడా పనిలో భాగమే.

తిన్న అరగంట నుంచి రెండు గంటల్లో లక్షణాలు కనిపిస్తాయి. నోటి నుంచి నురగ, పొట్ట ఉబ్బు, వణుకు, తూలడం, ఆయాసం. వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. విరుగుడు వంటింటి వెనిగరే: పెద్ద పశువుకు 3–4 లీటర్లు, దాంతో పాటు బాగా చల్లటి నీళ్లు. పొట్టలో పులుపు పెరిగితే, చల్లబడితే అమ్మోనియా రక్తంలోకి ఎక్కడం తగ్గుతుంది. తూలుతున్న పశువుకు బలవంతంగా గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకో చావు. వైద్యుడు చూసుకుంటూ పట్టిస్తేనే మంచిది.

ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు, వాటి పెద్ద పొట్ట ఇంకా తయారుకాలేదు. గుర్రాలు, గాడిదలు, పందుల జోలికి పోనేవద్దు. ఒకటి రెండు రోజులు పస్తున్న పశువుకు కడుపునిండా ఇదే పెట్టకండి.

బెల్లం మడ్డి కూడా కలిపి మాగబెడితే ఇంకా బలం కదా?

వద్దు. తీపి, అమ్మోనియా మూసిన కుప్పలో కలిస్తే పశువును పిచ్చెక్కించే పదార్థం పుడుతుంది. అలాంటి మేత తిన్న పశువులు గిర్రున తిరగడం, గోడలకు గుద్దుకోవడం వేరే దేశాల్లో నమోదైంది, ఆ పాలు తాగిన దూడలకు కూడా. పచ్చి జొన్న, చెరకు మొవ్వ లాంటి తీపి ఉన్న మేతను యూరియాతో మాగబెట్టకూడదని చెప్పేది ఇందుకే. మడ్డి కలపాలంటే మేపేటప్పుడు పైన చల్లండి.

వేపపూత యూరియా పనికొస్తుందా?

2015 నుంచి మనకు దొరికేది దాదాపు అంతా అదే. పూసిన నూనె టన్నుకు కిలో లోపే. ఆ పూత పనంతా నేలలో. మా గేదెలు తేడా పట్టించుకోలేదు.

పాలు పెరుగుతాయా? ఖర్చు గిట్టుబాటవుతుందా?

45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. కిలో 6 రూపాయల లోపు. క్వింటాలు గడ్డికి యూరియా ఖర్చు పాతిక రూపాయలు కూడా కాదు. అసలు ఖర్చు పట్టాదీ, మనుషులదీ. పాలిథిన్ జాగ్రత్తగా వాడితే నాలుగైదు సార్లు వస్తుంది.

లాభం ఎవరి దగ్గర కనిపిస్తుందో తేడా ఉంది. పచ్చిమేత పుష్కలంగా ఉండి, దాణా నిండుగా పెట్టే ఇంట్లో ఈ గడ్డి వల్ల చెంబులో పెద్ద తేడా కనబడదు. వరిగడ్డే ఆధారమై, పూటకు దోసెడు తవుడు తప్ప మరేమీ పెట్టలేని ఇంట్లో కనిపిస్తుంది. అది కూడా వారంలో కాదు. ముందు ఒళ్లు నిలుస్తుంది, పక్కటెముకలు కప్పుకుంటాయి, వట్టిపోయిన గేదె ఎదకు వస్తుంది. పాలు ఆ తర్వాత. రెండు పూటల్లో పాలు పెరగలేదని మానేసినవారిని చాలామందిని చూశాను. పది లీటర్లిచ్చే గేదెను గడ్డి మీదే నిలబెట్టొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, దానికి దాణా తప్పదు.

జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, కంది పొట్టు కూడా ఇలా చేయాలా?

వేరుశనగ కట్టెకు, కంది, మినుము, పెసర, ఉలవ పొట్టుకు అక్కర్లేదు. పప్పుజాతి కాబట్టి మాంసకృత్తులు వాటిలో ఎలాగూ ఎక్కువ. వాటిని దాచుకోవడమే అసలు విద్య. వేరుశనగ కట్టె మీద ఒక్క వాన పడితే ఆకు రాలి, నల్లబడి, విలువ సగం పోతుంది. అనంతపురం జిల్లా రైతును అడిగితే గింజ పోయిన ఏట కట్టే కాపాడిందంటాడు. హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విడుదల చేయించిన ఐసీజీవీ 91114 అనే వేరుశనగ రకం అక్కడ నిలదొక్కుకోవడానికి బెట్టను తట్టుకోవడంతో పాటు పశువు ఇష్టపడే కట్టె కూడా ఒక కారణం.

వరిగడ్డితో వీటిని కలిపి మేపడం చవకైన ఉపాయం. నాలుగు పాళ్ల గడ్డికి ఒక పాలు కట్టో పొట్టో కలిపితే పొట్టలోని జీవులకు నత్రజని అందుతుంది, గడ్డి అరుగుదల కూడా పుంజుకుంటుంది. యూరియా చేయలేనివారికి నేను ముందు చెప్పేది ఇదే.

జొన్న చొప్పను, మొక్కజొన్న చొప్పను యూరియాతో మాగబెట్టొచ్చు, ముక్కలు చేయడం మాత్రం తప్పనిసరి. కానీ మంచి జొన్న చొప్పకు పెద్దగా అవసరం పడదు. హైదరాబాద్ మేత మార్కెట్లో జొన్న చొప్ప ధరలను అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థవారు రెండు దశాబ్దాల కిందట పరిశీలించారు. అరుగుదల 47 శాతమున్న చొప్పకూ 52 శాతమున్న చొప్పకూ మధ్య ధరలో పాతిక శాతం తేడా వచ్చింది. ల్యాబు లేకుండా, దంటు విరిచి, నమిలి, రంగు చూసి కొనే వ్యాపారి ఐదు శాతం తేడాను పట్టేశాడన్నమాట. విత్తనం కొనేటప్పుడు మనం మాత్రం గింజ దిగుబడి ఒక్కటే అడుగుతాం.

పత్తి కట్టెను మేత లెక్కలోంచి తీసేయండి. మొక్కజొన్న బెండ్లు పొడి చేసి, దాణాలో కొద్దిగా కలపొచ్చు, అంతే.

గడ్డి వానకు తడిసింది. యూరియా వేస్తే బాగుపడుతుందా?

తడి మాత్రమే అయితే, అదే రోజు యూరియా వేసి మూసేస్తే అమ్మోనియా బూజును ఆపుతుంది. కార్తీకంలో తుపాను వచ్చి సార్వా పనలు తడిసినప్పుడు ఇదొక దారి. ఒకసారి బూజు పట్టిన గడ్డిని మాత్రం ఏ మందూ బాగుచేయదు. చుట్టిన కట్టలను నమ్మకండి, పైకి బంగారంలా ఉంటాయి, లోపల నల్లగా ఉంటాయి. ఒక్కటైనా విప్పి, చెయ్యి లోపలికి దూర్చి వేడి ఉందేమో చూసి కొనండి.

బూజు గడ్డి తిన్న గేదెలకు చలికాలంలో చెవుల కొసలు, తోక కొస, గిట్టల దగ్గర చర్మం చచ్చుబడి రాలిపోయే జబ్బుంది. లాహోర్ దగ్గరి డేగ్ నాలా ప్రాంతంలో మొదట గుర్తించారు కాబట్టి డెగ్‌నాలా అంటారు. పొదుపు పేరుతో బూజు గడ్డి మేపితే తోకతో కట్టాల్సి వస్తుంది.

ఖనిజ లవణ మిశ్రమం అమ్మేవాళ్ల గొడవేనా, నిజంగా కావాలా?

వరిగడ్డి మేపేవారికి నిజంగా కావాలి. వరిగడ్డిలో ఆక్సలేట్లు 1–2 శాతం దాకా ఉంటాయి. ఇవి సున్నాన్ని పట్టేసుకుని పేడలో తీసుకుపోతాయి. భాస్వరం ఎలాగూ తక్కువ. ఈనిన గేదె లేవలేకపోవడం, ఎద సరిగా రాకపోవడం, పడ్డలు తాడు, గుడ్డ నమలడం దగ్గర ఈ లోటు చెయ్యి ఉంటుంది. పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి. గడ్డిలో విటమిన్ ఏ కూడా ఉండదు. రోజుకు రెండు మూడు కిలోలైనా పచ్చిది పడాలి. గట్టు మీది అవిశ, గ్లిరిసిడియా, సుబాబుల్ ఏదైనా సరే. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి.

పశువులు నాకే యూరియా ఇటుకలు మంచివా?

యూరియా, మడ్డి, తవుడు, లవణాలు కలిపి గట్టిగా పోసిన ఇటుకలు. పశువు కొద్దికొద్దిగా నాకుతుంది కాబట్టి నత్రజని రోజంతా సన్నగా అందుతుంది. గడ్డి మాగబెట్టే ఓపిక లేనివారికి ఇవే సులువు. వానకు తడవకుండా వేలాడదీయండి. మెత్తబడిన ఇటుకను పశువు కొరికి మింగితే యూరియా ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది.

ఇంత మంచిదైతే ఊళ్లో ఎవరూ ఎందుకు చేయడం లేదు?

పశువైద్య శాఖ దశాబ్దాలుగా ప్రదర్శనలు పెడుతూనే ఉంది. ప్రదర్శన రోజు అందరూ తల ఊపుతారు, మర్నాడు ఎవరూ చేయరు. రైతు తెలివితక్కువవాడని కాదు. కోతల తర్వాత మనుషులు దొరకరు. గడ్డి ఎవరి కళ్లలోనూ ఖరీదైన సరుకు కాదు. ఆ పని చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీద పడుతుంది, వాళ్లనేమో ప్రదర్శనకు పిలవరు. పైగా వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడిన రైతుకు, ఆ బస్తాలోంచి 3 క్వింటాళ్ల గడ్డికి 12 కిలోలు తియ్యమంటే మనసొప్పదు. యాసంగి నాట్లు, పైపాట్లు ముగిసి, యూరియాకు గిరాకీ తగ్గాక తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఎప్పుడు, ఎంత చేసుకోవాలి? రెండు గేదెలున్నాయి.

గేదెకు రోజుకు 6 కిలోల గడ్డి లెక్కన రెండింటికి 12 కిలోలు, 21 రోజులకు సుమారు 250 కిలోలు. 3 క్వింటాళ్ల కుప్పలు రెండు వేసుకోండి. మొదటి కుప్ప పచ్చిమేత తగ్గడానికి మూడు వారాల ముందే వేయాలి, మా వైపయితే సంక్రాంతి వెళ్లాక. అది తెరిచిన రోజే రెండోది వేయండి. మొదటిది అయిపోయేసరికి రెండోది మాగి ఉంటుంది. ఖాళీ అయిన చోట మళ్లీ మూడోది. తొలకరి వానలకు పచ్చిక లేచేదాకా ఇలా నాలుగైదు కుప్పలు నడుస్తాయి. ఒకేసారి పెద్ద కుప్ప వేస్తే రోజూ తెరిచి మూసేటప్పుడు ఘాటు పోయి, చివరి గడ్డి మామూలు గడ్డిలాగే మిగులుతుంది.